ఆవకాయ పెట్టని ఏడాది

చీపురుపుల్లని సన్నగా చీల్చి, కొసకి కాస్త దూది చుట్టి, హైమ తల్లి ఫోనులో తీగ గుచ్చే కంతని శుభ్రం చేస్తోంది. లోపల బియ్యప్పిండి. ఎప్పుడూ బియ్యప్పిండే. ముగ్గు వేస్తున్నా, చేగోడీలు చుడుతున్నా మాణిక్యం నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలో ఆ ఫోను ఉండాల్సిందే కాబట్టి, వారం తిరిగేసరికి కంత పూడుకుపోయేది.

"ఊదితే పోదంటే?" అంది మాణిక్యం, పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ.

"ఊదితే ఇంకా లోపలికి పోద్దమ్మా. పైగా ఉమ్ము పడుద్ది."

"నా ఉమ్మేగా. పోయేది నా బుర్రలోకేగా."

హైమ నవ్వి తీగ గుచ్చింది. మూలనున్న పాత కంప్యూటరు మీది చీరముక్క తీసి మీట నొక్కింది. బల్లకింద యూపీఎస్ కోడిపిల్లలా ఓసారి కూసి ఊరుకుంది. వీధి వైపు గదిలో తండ్రి శేషగిరి మోటారు వైండింగు షాపు. అక్కడ రాగితీగ చుట్టే మిషను కటకటలాడుతోంది. రేపల్లె చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో గాలికొట్టే ఏరేటర్లకి మోటారు కాలితే ఆ షాపుకే తెస్తారు.

తెర మీద గడి వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టమంది. హైమ కొట్టింది. మాణిక్యం గడిపిన వారం రోజులు, వండినవీ, విన్నవీ, కోప్పడినవీ, నవ్వినవీ, మెల్లగా తీగలోంచి కంప్యూటరులోకి దిగడం మొదలుపెట్టాయి.

ఐదేళ్ళ కిందట మాణిక్యానికి మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ, ఆ తర్వాత ఇవాళ జరిగింది రేపటికి నిలిచేది కాదు. పడుకుని లేస్తే పలక తుడిచినట్టే. గుంటూరు డాక్టరు ఆమె కుడిచెవి వెనక, కావాలంటే తీసి పెట్టుకునేలా, చింతగింజంత బిళ్ళ ఒకటి అమర్చాడు. నిద్రపోతున్నప్పుడు ఆ రోజు సంగతులన్నీ బిళ్ళలోంచి ఫోనులోకి వెళ్తాయి. మెలకువ రాబోయే ముందు ఫోనులోంచి మళ్ళీ తలలోకి వస్తాయి. ఫోను పోతే ఐదేళ్ళూ పోయినట్టే. అందుకే వారం వారం దాన్ని ఇంట్లో కంప్యూటరులోకి ఎక్కించి ఉంచుకోమన్నాడు. "ఊరూపేరూ తెలియని వాళ్ళ మిషన్లలో మీ ఆవిడ మనసు ఎందుకండీ, మీ ఇంట్లోనే పెట్టుకోండి" అన్నాడు.

మొదట్లో ఆ పని మురారి చేసేవాడు, హైమ అన్నయ్య. పాస్‌వర్డ్ లేకుండానే చేశాడు. ఓసారి ఫోను గంజిగిన్నెలో పడి పాడైతే, కొత్త ఫోను తెచ్చి కంప్యూటరులో ఉన్నది దాన్లోకి దింపారు. తెల్లారి మాణిక్యం లేచింది. అన్నీ గుర్తున్నాయి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, పాలవాడి పేరేంటో, అన్నీ. మురారిని చూసి, "నువ్వు మా పెద్దాడివి, ఇరవై మూడేళ్ళు" అంది, రేషను కార్డు చదువుతున్నట్టు. తర్వాత, "మంచినీళ్ళు ఇయ్యమంటావా బాబూ?" అని మర్యాదగా అడిగింది. మురారి దొడ్లోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

తాళం లేని పెట్టెలో ఎవరూ నగలు దాచనట్టే, పాస్‌వర్డ్ లేని బ్యాకప్‌లో ఆ బిళ్ళ లోపలి సంగతులు పెట్టదు. పేర్లూ, దార్లూ, లెక్కలూ పెడుతుంది. ప్రేమ పెట్టదు. పైగా ఆ వట్టి లెక్కలే తలలోకి దిగితే, జ్వరానికి ముందు నుంచీ ఉన్న ప్రేమని కూడా కప్పేస్తాయి. ఆ సంగతి వాళ్ళకి అలా తెలిసింది. మాణిక్యానికి కొడుకు మళ్ళీ కొడుకు కావడానికి ఏడాది పట్టింది.

అప్పుడు మురారి పాస్‌వర్డ్ పెట్టాడు. తల్లి ఎన్నటికీ మరచిపోనిది, జ్వరానికి ముందుదే కావాలని, ఆమె పుట్టింట్లో చిన్నప్పటి గేదె పేరు పెట్టాడు. రంభ. "మా అమ్మ మనసుకి తాళంచెవి బర్రెగొడ్డండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు, పాస్‌వర్డ్ చెప్పకూడదన్న ధ్యాస కూడా లేకుండా.

"అన్నయ్య ఏమన్నా పంపాడంటే?" అంది మాణిక్యం.

హైమ వేళ్ళు ఆగాయి. "పంపాడు. పొద్దున. ఉండు, వినిపిస్తా."

తన ఫోను తీసి నొక్కింది. మురారి గొంతు పలికింది. "అమ్మా, తిన్నావా? బిళ్ళ చెవికే ఉందా, స్నానానికని తీసి ఎక్కడన్నా పెట్టావా? చూసుకో. నాకేం, బానే ఉన్నా."

మాణిక్యం మొహం విప్పారింది. "ఓడెక్కినా వీడికి తిండి గోలేనే. ఇంకో మాట రాదు." కాసేపు ఆలోచించి, "వెనక మీ నాన్న మిషను చప్పుడులా వినపడతందేంది?" అంది.

"ఓడక్కూడా మోటార్లుంటాయి కదమ్మా."

"మరే. అవి కాలిపోతే మన షాపుకే తెమ్మను. మీ నాన్న ఎక్కడికీ కదలకుండా ఓడ బాగుచేస్తాడు."

హైమ నవ్వింది. నవ్వుతూనే తెర వైపు తిరిగిపోయింది. ఆ గొంతు మురారి పాత ఫోను బ్యాకప్‌లోది. అదీ ఈ కంప్యూటరులోనే, తల్లి బ్యాకప్‌ల పక్కనే ఉంది. అతను ఓడెక్కలేదు. అతను పోయి ఇంకా ఏడాది నిండలేదు.

కిందటేడు వానాకాలం. ఒక చెరువు ఆసామి ఫోను చేశాడు, ఏరేటరు షాకు కొడుతోందని. శేషగిరికి కాలు బెణికి ఉంది. మురారిని పంపాడు. ఆ రోజు హైమ గుంటూరులో డిగ్రీ పరీక్ష రాస్తోంది. అన్నయ్య బయల్దేరేటప్పుడు గుమ్మంలో అమ్మా నాన్నా ఏదో మాటామాటా అనుకున్నారని మాత్రం తర్వాత తెలిసింది. ఏం మాటో తెలియదు. కరెంటు తీసేశామని గట్టు మీది మనిషి చెప్పాడు. తడి చేత్తో మురారి తీగ పట్టుకున్నాడు.

మామూలు మనుషులకి నిద్ర లేవగానే ఒక క్షణం ఉంటుంది, ఏదీ గుర్తురాని క్షణం. మాణిక్యానికి అదీ లేకపోయింది. కళ్ళు తెరవకముందే బిళ్ళ మొత్తం తెచ్చి చేతిలో పెట్టేది. పైగా అది అరిగేది కాదు. హైమ ఏడుపు రోజురోజుకీ కొంచెం మారేది, బరువు అదే అయినా పట్టుకునే చోటు మారేది. తల్లి ఏడుపు మాత్రం మొదటి రోజు ఎలా ఉందో పెద్దకర్మ నాటికీ అలాగే ఉంది. బిళ్ళ దేన్నీ పాతది కానివ్వదు. ఎక్కించింది ఎక్కించినట్టే తిరిగిస్తుంది.

సామాన్ల గదిలో బియ్యం డ్రమ్ముకి వీపు ఆనించి కూర్చునేది మాణిక్యం. ఎవరితోనూ మాట్లాడేది కాదు. శేషగిరి వెళ్ళి ఎదురుగా కూర్చుంటే ఒకే ఒక్క మాట అనేది. చాలా మెల్లగా అనేది. రోజూ అదే మాటని, మొదటిసారి అంటున్నట్టే అనేది. గది బయట ఉన్న హైమకి పెదాలు కదలడం తప్ప ఏమీ వినపడేది కాదు. శేషగిరి బయటికొచ్చి మిషను ముందు కూర్చునేవాడు. చుట్టు లెక్క తప్పి, చుట్టిన రాగితీగంతా మళ్ళీ విప్పేవాడు.

ఒక మధ్యాహ్నం మాణిక్యం లేచి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇదంతా పెట్టెలో పెట్టు."

హైమ తీగ గుచ్చింది. "రంభ అనే కొట్టనా?"

"వద్దు. అది నవ్వుకోడానికి పెట్టింది. నువ్వు అటు తిరుగు."

హైమ గోడకున్న క్యాలెండరు వైపు తిరిగింది. వెనక ఒక్కొక్క మీటా వెతికి నొక్కుతున్న చప్పుడు. ఒక పేరంత పొట్టిది కాదు. చాలాసేపు పట్టింది. ఒక మాటంత, వాక్యమంత పొడుగు.

"ఇది మాత్రం ఎవరూ నా దగ్గర్నించి తియ్యకూడదు," అంది మాణిక్యం. తిరిగి సామాన్ల గదిలోకి వెళ్ళిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు శేషగిరి కంప్యూటరు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అమ్మాయ్, వాడు పోకముందు వారానిది ఉంది కదా. అది పెట్టెయ్."

"నాన్నా, అమ్మకి తెలియకుండా..."

"తెలిసి బతుకుద్దా అది? చూడు దాన్ని. తిండి లేదు, నీళ్ళు లేవు. పెట్టెయ్ తల్లీ."

ఆయన హైమని ఎప్పుడూ తల్లీ అని పిలవలేదు. ఆమె పెట్టేసింది. పాతదానికి పాస్‌వర్డ్ రంభే. తల్లి కునుకు తీస్తున్నప్పుడు ఫోనులో ఉన్నది పోయింది, పాతది దిగింది.

"ఆ ఏడుపుది తుడిచెయ్," అన్నాడు శేషగిరి.

"తుడిచేశా," అంది హైమ. తుడవలేదు. ఎందుకు తుడవలేదో ఆమెకీ సరిగ్గా తెలియదు. తాళం తెలియకపోయినా, తల్లి దాచుకున్నది పారేయడానికి చెయ్యి రాలేదు.

మాణిక్యం లేచింది. మళ్ళీ జ్వరం వచ్చిందనీ, ఫోను చెడి కొన్నాళ్ళు పోయాయనీ, ఈలోపు మురారికి ఓడ మీద ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడనీ చెప్పారు. అలిగింది. "చెప్పకుండా ఎట్టా పోయాడే?" అంది. తర్వాత మొగుడి తల చూసింది.

"ఇదేందయ్యా, గుండు?"

"నీకు తగ్గితే ఇస్తానని మొక్కుకున్నా."

"బానే ఉందిలే, తోమిన చెంబులా," అని పకపకా నవ్వింది.

శేషగిరి కూడా నవ్వాడు. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతున్నా బయటికి రాలేదు.

అలా గడిచింది. పొద్దున లేచేసరికి మాణిక్యం దిండు తడిసి ఉండేది. "నిద్దట్లో కళ్ళు కారతన్నయ్యే, ఏం రోగమో," అనేది. కంటి డాక్టరుకి చూపిస్తే చుక్కలమందు రాసిచ్చాడు. రోజూ హైమే వేసేది. తలలోంచి తీసేసింది ఒంట్లో ఎక్కడో మిగిలే ఉందని చుక్కలు వేసేటప్పుడల్లా అనిపించేది. తండ్రితో అనలేదు.

ఆ తర్వాత మామిడికాయల కాలం వచ్చింది.

"కాయలు తేవేందయ్యా? వానలు పడితే టెంక ముదిరిపోద్ది," అని మాణిక్యం మొదలుపెట్టింది. శేషగిరి ఇవాళ రేపు అని జరిపాడు.

హైమ షాపులోకి వెళ్ళి నెమ్మదిగా అంది: "నాన్నా, ఆవకాయ పెట్టేద్దాం. లేకపోతే అమ్మకి అనుమానమొస్తది."

శేషగిరి మిషను ఆపాడు. "చావు జరిగిన ఏడాది ఇంట్లో పచ్చడి పెడతారంటే?"

"పెట్టరు. కానీ జరగలేదనే కదా మనం..."

"వాడికి ఫొటో పెట్టలేదు. దీపం పెట్టలేదు. నెలనెలా మాసికానికి మీ రాఘవమ్మత్త ఊరు పోయి దొంగలాగా పెట్టొస్తన్నా. పండగలకి కొత్తబట్టలు కట్టుకుని నవ్వుతా కూర్చున్నా." ఆయన రాగితీగ కొసని వేలికి చుట్టుకున్నాడు. "ఈ ఒక్కటి ఉండనియ్యవే. వాడు పోయిన ఏడు మన ఇంట్లో ఆవకాయ పెట్టలేదని నాకన్నా ఉండాల."

హైమ లోపలికి వచ్చేసింది.

మాణిక్యం అడగడం మానలేదు. ఓ రోజు పక్కింటి సామ్రాజ్యం గోడవతల నుంచి, "నీకేం పిచ్చా అక్కా, చావు ఏడాదిలో పచ్చడేంది?" అని, అన్న మరుక్షణం నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకీ చెప్పి ఉంచారు. పాపం, అందరికీ అలవాటైన మాట, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

మాణిక్యం వేసిన కేక వీధి చివరికి వినపడింది. మొదటిసారి పెద్దకర్మ దాకా ఆగిన శేషగిరి, ఈసారి సాయంత్రం దాకా కూడా ఆగలేదు. మందు వేసి పడుకోబెట్టాడు. హైమ తీగ గుచ్చింది. మామిడికాయల ఊసు మొదలుకాకముందు నాటిది వెతికి పెట్టింది. అంత తేలిగ్గా చేతులు ఆ పని చేసినందుకు ఆ తర్వాత రెండు రోజులు అన్నం కలుపుకోలేకపోయింది.

ఇంకోసారి జ్వరమొచ్చిందన్నారు. ఇంకోసారి నమ్మింది. ఆవకాయ పెట్టామా అని అడిగితే, పెట్టాం, నువ్వే కలిపావు అన్నాడు శేషగిరి. అప్పటికే ఆయన అక్క రాఘవమ్మ తన ఇంట్లో పెట్టిన పచ్చడి డబ్బాతో పంపింది. ఆనవాయితీయే, చావు జరిగిన ఇంటికి చుట్టాలే ఆ ఏడు పచ్చడి ఇస్తారు. హైమ దాన్ని మాణిక్యం జాడీలోకి మార్చి, వాసెన గుడ్డ కట్టి, అటక కింద పెట్టింది.

ఇవాళ ఆ జాడీ మొదటిసారి విప్పారు.

"పాత పచ్చడి అయిపోయింది, కొత్తది తియ్యండి," అని మాణిక్యమే అంది. గోరుచిక్కుడు కూర దించి, మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కంప్యూటరు తన పని ముగించి, తెర మీద అయిందని చూపిస్తోంది. ఫోను ఇంకా తీగకే ఉంది.

మాణిక్యం ముందు మొగుడికి వడ్డించింది. తర్వాత కూతురికి. తర్వాత తను కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకోసారి నమిలింది.

హైమ తలెత్తకుండా తింటోంది. శేషగిరి కంచం అంచున ఒకటి, పక్కన ఇంకొకటి, ఎర్రటి నూనెలో మెరుస్తూ చిన్నచిన్న రెబ్బలు పేరుకుంటున్నాయి. వెల్లుల్లి. ఆయనకి వెల్లుల్లి పడదు. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి తిని ఒళ్ళంతా దద్దుర్లు తేలాక, ఆ ఇంట్లో ఏ పచ్చడిలోనూ మాణిక్యం వెల్లుల్లి వెయ్యలేదు. అదంతా జ్వరానికి ముందు సంగతి. బిళ్ళతో పని లేకుండా గుర్తుండే సంగతి.

మాణిక్యం ఆ రెబ్బల్ని చూస్తోంది.

"ఇది నేను కలిపానా?" అంది.

"నువ్వే," అన్నాడు శేషగిరి.

"వెల్లుల్లి వేసి కలిపానా నీకు?"

"అత్త సాయానికి వచ్చిందమ్మా," అంది హైమ. "ఆవిడ వేసింది."

"మీ అత్తని నా జాడీలో చెయ్యి పెట్టనిస్తానంటే?" ఎప్పుడూ అనే మాటే, ఎప్పటిలాగే వెటకారంగా మొదలైంది. మధ్యలో ఆగిపోయింది.

ఆమె మెల్లగా చెయ్యి కంచంలో వదిలేసింది. మొగుడిని చూసింది. కిందటేడు గుండు చేయించుకున్న తలని చూసింది. కూతురిని చూసింది. నాలుగో పీట గోడకి ఆనించి ఉంది. దాన్ని చూసింది.

"మనం పెట్టలేదు," అంది. "రాఘవమ్మ వదిన పంపింది. మీరిద్దరూ ఉన్నారు. నేనున్నా."

ఆమె కళ్ళు మళ్ళీ ఆ నాలుగో పీట మీదికి వెళ్ళాయి.

"మురారేనా?"

హైమకి చాలా అబద్ధాలు వచ్చు. ఈ ఏడాదిలో నేర్చుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. తల ఊపింది.

మాణిక్యం కేక వెయ్యలేదు. హైమ ఎదురుచూసింది, శేషగిరి రెండు చేతులూ నేలకి ఆనించి ఎదురుచూశాడు. కేక రాలేదు. ఆమె లేచి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుంది.

"చెప్పు. మొత్తం."

హైమ చెప్పింది. గుమ్మంలో మాటామాటా, చెరువు, వాన, తీగ, సామాన్ల గది, పాతది పెట్టెయ్యడం, సామ్రాజ్యం పిన్ని, మళ్ళీ పెట్టెయ్యడం. ఓడలోంచి వచ్చే గొంతు ఎక్కడిదో కూడా చెప్పింది. ఆ ఒక్కచోట మాణిక్యం కళ్ళు మూసుకుంది.

"నేను ఏడ్చానా?"

"ఏడ్చావమ్మా."

"నాకు రావట్లేదే." ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని, అక్కడ ఏదో వెతుకుతున్నట్టు ఒత్తింది. "వింటన్నా. అర్థమవతంది. ఎవరింట్లోనో పిల్లోడు పోయినట్టుంది. వాడు నా కొడుకే. వాడికి నేను ఏడవలేకపోతే ఎట్టానే? ఆ ఏడ్చింది ఎక్కడుంది?"

శేషగిరి లేచాడు. "తుడిచేసింది," అన్నాడు గట్టిగా. "అది లేదు. హైమా, తీగ అట్టానే ఉంచు. ఇందాక ఎక్కించావుగా, అదే మళ్ళీ దింపెయ్. పడుకోబెడదాం."

హైమ తండ్రి వైపు చూసింది. జీవితంలో ఆయన మాట ఎదురుగా కాదని ఎరగదు. బల్ల మీదికి వంగి, ఫోనుకున్న తీగ పీకి, చుట్టచుట్టి తన ఒళ్ళో పెట్టుకుంది.

"తుడవలేదు నాన్నా," అంది. "ఇదిగో, ఇక్కడే ఉంది."

తెర మీద దాన్ని తెరిచింది. ఖాళీ గడి వచ్చింది.

"తాళం నువ్వే వేశావమ్మా. రంభ కాదు. నన్ను అటు తిరగమన్నావు."

మాణిక్యం గడిని చూసింది. ఒక వేలితో మురారి అని కొట్టింది. తప్పన్నది. వాడిని ముద్దుగా పిలిచే పేరు కొట్టింది. తప్పు. వాడు పుట్టిన రోజు కొట్టింది. తప్పు.

"నేను పెట్టింది నాకు తట్టదేందే?"

"అది పెట్టినప్పటి నువ్వు వేరమ్మా. ఆ నిన్ను మేం తీసేశాం." హైమ ఒళ్ళోని తీగచుట్టని పక్కన పెట్టింది. "ఒక్కటి తెలుసు. అది పేరు కాదు. పొడుగు మాట. ఆ రోజుల్లో నువ్వు ఒక్క మాటే అనేదానివి. నాన్నతోనే అనేదానివి. రోజూ అదే. నాకెప్పుడూ వినపడలేదు."

మాణిక్యం కుర్చీలోనే వెనక్కి తిరిగింది.

శేషగిరి గోడకి ఆనుకుని ఉన్నాడు. చేతికి ఇంకా అన్నం మెతుకులు ఎండి అంటుకునే ఉన్నాయి.

"ఏమయ్యా," అంది మాణిక్యం. కోపం లేదు. దారి అడుగుతున్న మనిషిలా అడిగింది. "వాడిని పంపేటప్పుడు గుమ్మంలో నేనేదో అన్నానంట. పోయాక కూడా అదే అనుంటా. నాకు తెలుసు కదా నా సంగతి, ఒక మాట పట్టుకుంటే వదల్ను. ఏమన్నానో చెప్పు."

ఆయన వేలికి ఎండిన మెతుకుని గోటితో గీకాడు.

"తిట్టుంటే తిట్టుంటా. చెప్పు. ఆ మాట నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు. నా దగ్గర కూడా లేదు." ఆమె మళ్ళీ గడి వైపు తిరిగి, మీటల మీద వేలు ఉంచింది. "నువ్వు చెప్పు, నేను కొడతా. తర్వాత నన్నేం చేసుకుంటావో చేసుకో. వాడికి ఒక్కసారి ఏడవనియ్యి నన్ను."

శేషగిరి నోరు తెరిచాడు. హైమ ఆయన పెదాలనే చూస్తోంది. సామాన్ల గది తలుపు సందులోంచి తల్లి పెదాలని చూసినట్టే. అవి ఒక ఆకారంలోకి వచ్చాయి. మాట మొదలవబోయే ఆకారం. అలాగే కొంచెంసేపు ఉండి, మూతపడ్డాయి. ఆ మాట, వాడిని పంపినందుకు ఆయన్ని అన్నదేనని హైమకి అప్పుడు తట్టింది.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, చెయ్యి తుడుచుకున్నాడు. దాన్ని మడతపెట్టి, నాలుగో పీట మీద పెట్టాడు. షాపులో లైటు వెలుగుతూనే ఉంది, అటు వెళ్ళలేదు. గుమ్మంలో ఒక్క అడుగు ఆగాడు, ఆ రోజు మురారి చెప్పులు తొడుక్కున్న చోట. తన చెప్పులు అక్కడే వదిలేసి మెట్లు దిగాడు.

మాణిక్యం వేలు మీటల మీదే ఉంది. తెర మీద ఖాళీ గడిలో సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. వీధిగేటు గడియ తీసిన చప్పుడైంది. వేసిన చప్పుడు కాలేదు.